గేలరీకి దిష్టి

దిష్టిబొమ్మకి పేంటూ చొక్కా ఉండాలి. లుంగీ కట్టిన దిష్టిబొమ్మని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చూసి ఉండరు. సూర్యావతికి ఈ సంగతి ఒకరు నేర్పలేదు. రంగూన్‌లో ఆమె ఉండే పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో ఏ తెలుగువాడు ఇల్లు లేపినా, గోడ మొలెత్తు వచ్చేసరికి వాసానికి ఒక గడ్డిమనిషి వేలాడేవాడు. ఒంటికి పేంటూ చొక్కా, కుండ తలకాయకి బుర్రమీసాలు, మెడలో పాత చెప్పుల దండ. ఇల్లు పూర్తయి, పాలు పొంగించి, ఇంటివాళ్ళు గడప దాటిన రోజున వాణ్ణి దింపేవాళ్ళు. దానికి శాస్త్రమేమిటని ఎవడడుగుతాడు?

వచ్చిన చిక్కల్లా ఆ పేంటుతోనే. రంగూన్‌లో మగవాడనేవాడు లుంగీ కడతాడు. కూలీ కడతాడు, కొట్టువాడు కడతాడు, బడిపంతులు కడతాడు. పేంటు తొడిగేది మిలిట్రీ. వాళ్ళ పేరెత్తడానికి జంకి జనం ‘పేంట్లవాళ్ళు’ అని గొణుక్కునే రోజులవి. ఇక చెప్పుల సంగతంటారా, బర్మావాడి నెత్తిమీద చెప్పు వేలాడదీయడం కంటే వాణ్ణి నాలుగు తన్నడం నయం. ఇవేవీ సూర్యావతికి తెలియనివి కావు. ఆ ఊళ్ళోనే పుట్టింది, ఆ భాషలోనే చేపల బేరం ఆడుతుంది. అయితే ఆ తెలివి ఒక అరలోనూ దిష్టిబొమ్మ ఇంకో అరలోనూ ఉండిపోయాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని ఆమెకి తోచలేదు. అదే కొంప ముంచింది.

పని ఒక కాలేజీ మైదానంలో. ఇన్సేన్ వెళ్ళే రైలు లైను పక్కనే ఉంటుంది. మిలిట్రీ రాజ్యం మీద కుర్రాళ్ళు తిరగబడ్డ గొడవలప్పుడు మూసిన గేటు ఏడాది దాటినా మళ్ళీ తెరవలేదు. హాస్టల్లో మిలిట్రీ దిగింది. మైదానంలో గడ్డి అడిగేవాళ్ళు లేక మోకాళ్ళు దాటి పెరిగింది. అలాంటిది ఉన్నట్టుండి పైవాళ్ళకి ఆ మైదానం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఆదివారంనాడు ఎవరో పెద్దమనిషి వస్తాడట, మిలిట్రీ జట్లు ఫుట్‌బాల్ ఆడతాయట, టీవీలో చూపిస్తారట. కాబట్టి గేలరీ పెళ్ళిపందిరిలా మెరవాలి. చదువుకి పనికిరాని కాలేజీ ఆటలకి ఎలా పనికొచ్చిందని అడిగే నాథుడు లేడు.

కంట్రాక్టరు ఊ లా మౌంగ్ ఆ పనిని అచ్చెన్న మేస్త్రికి అప్పజెప్పాడు. అచ్చెన్న సూర్యావతికి సొంత అన్న. ముఠాలో ఉన్న పదిమందీ తెలుగువాళ్ళే, ఓడల్లో బస్తాలు మోయడానికి వచ్చినవాళ్ళ మనవలూ మునిమనవలూ. సూర్యావతి సున్నం మనిషి. మొగుడు పోయిన దగ్గర్నుంచీ అన్న ముఠాలోనే ఉంది. సున్నం నానబెట్టడం, వడకట్టడం, కుంచె కట్టడం ఆమె పని. వేళ్ళ సందులు ఎప్పుడూ తెల్లగా పగిలి ఉంటాయి.

పాత పూత గీకుతుంటే ఆ గేలరీ పుట్టుపూర్వోత్తరాలన్నీ పొరలు పొరలుగా ఊడొచ్చాయి. అన్నిటికంటే అడుగున బెల్లం, కరక్కాయ వేసి రుబ్బిన సున్నం, తెల్లవాళ్ళ కాలంనాటిది. అది గీకినా ఊడదు. ఆ సున్నం రుబ్బినవాళ్ళలో తన తాత కూడా ఉన్నాడని అచ్చెన్న చెబుతాడు. దానిమీద అక్కడక్కడ ఊక కలిపిన మట్టి అతుకులున్నాయి. అవి బాంబు పడ్డాక జపాను సిపాయిలు వేయించినవి. వాళ్ళు ఈ మైదానంలోనే నాలుగు మూలలా నాలుగు గోనెసంచులు పరిచి, లావుపాటి కర్రతో బంతిని బాది, సంచి నుంచి సంచికి పరిగెత్తే ఆటొకటి ఆడేవారని సూర్యావతి వాళ్ళ నాన్న కథలు చెప్పేవాడు. ఆ పైది స్వతంత్రం వచ్చాక పూసిన సిమెంటు. దాని పైన నాచు. వెనకగోడలో, పైవరస దగ్గర, వేలు దూరేపాటి చిల్లులు కొన్ని ఉన్నాయి. అవి పూడ్చమన్నారు. పూడ్చారు. అవెలా పడ్డాయని ఎవరూ ఎవరినీ అడగలేదు.

అచ్చెన్న కొడుకు సత్యప్రసాద్ ఆ కాలేజీలోనే రెండేళ్ళు చదివాడు. ఆటలప్పుడు మూడో వరసలో కూర్చుని గొంతు పోయేలా అరిచినవాడు ఇప్పుడు అదే వరస మీదుగా సిమెంటు తట్టలు మోస్తున్నాడు. ఎవరైనా జాలిపడబోతే నవ్వేసేవాడు. సూర్యావతికి పిల్లల్లేరు. మేనల్లుడు అలా నవ్వినప్పుడల్లా ఆమె వెళ్ళి వాడి తట్టకి ఒక చెయ్యి వేసేది.

పని మొదలైన దగ్గర్నుంచీ ఏదో ఒక అరిష్టమే. ముందు పైకప్పు దూలం జారింది, ఎవరికీ తగల్లేదు. తరవాత ఉడుకుతున్న సున్నం చింది ముఠాలోని సన్యాసమ్మ పాదం బొబ్బలెక్కింది. మధ్యలో హాస్టల్లో ఉన్న కేప్టెన్ వచ్చి, కొత్తగా కట్టిన మెట్లు చూసి, లెక్క తొమ్మిది కాలేదని పగలగొట్టించాడు. తొమ్మిది మంచి అంకె అని ఆయన జ్యోతిష్కుడు చెప్పాడట. బర్మావాళ్ళు కేప్టెన్ని బోజీ అంటారు. ఈ బోజీ వేలికి నవరత్నాల ఉంగరం, మణికట్టుకి పూసలు. శకునం చూడకుండా జీపెక్కడని సెంట్రీలే చెప్పుకునేవారు. బుధవారంనాడు లింగరాజు పరంజా మీదనుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆడవాళ్ళందరూ ఒక్క మాటే అన్నారు. ఇంత గేలరీ లేస్తుంటే దిష్టి తీసేవాడు లేడు, ఇంకేం బాగుపడుతుంది అని.

అచ్చెన్న కొట్టిపారేశాడు. సర్కారు పని, మన ఇల్లు కాదు, నోరు మూసుకుని పూత పూయండి అన్నాడు. సూర్యావతి నోరు మూసుకుంది గానీ చేతులు కట్టుకోలేదు. ఇంటికెళ్ళి గడ్డి కట్ట కట్టింది, మొగుడి పాత చొక్కా తీసింది, మసిపట్టిన కుండకి సున్నంతో కళ్ళూ మీసాలూ దిద్దింది. పేంటు కోసం సందంతా వెతికినా ఒక్కటి దొరికితే ఒట్టు. చివరికి అన్న ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఆకుపచ్చ పేంటు కనబడింది. కాలేజీలో డ్రిల్లు చేసే రోజుల్లో సత్యప్రసాద్‌కి ఇచ్చినది. పరంజా ఎక్కి కట్టమని తెల్లారి వాడి చేతికే ఇచ్చేసరికి వాడు ఆ పేంటుని గుర్తుపట్టాడు. ఏమంటాడోనని సూర్యావతి బిక్కుబిక్కుమంటూ చూసింది.

“పోన్లే అత్తా,” అన్నాడు. “నాను బైటే ఉన్నా నా పేంటైనా కాలేజీకెల్తాది.”

గేలరీ నట్టనడుమ, అన్నిటికంటే ఎత్తున ఉన్న దూలానికి, కింద పెద్దమనిషి కుర్చీ వేస్తారని గుర్తు పెట్టిన చోటికి సరిగ్గా పైన కట్టాడు. అక్కడైతే నలుదిక్కుల నుంచీ కనబడుతుందని సూర్యావతే చూపించింది. కింద నిలబడి మీసాలు చిన్నవయ్యాయేమోనని అనుమానపడింది కూడా. ఆ రోజు పని జరిగినట్టు ముందెన్నడూ జరగలేదు. ఒక్క తట్ట జారలేదు, ఒక్క మాట తూలలేదు. అచ్చెన్న కూడా బొమ్మవంక రెండుసార్లు చూసి, చూడనట్టు ఊరుకున్నాడు.

*

శుక్రవారం పొద్దున్న సూర్యావతి లింగరాజుకి అన్నం పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి దూలం బోసిగా ఉంది. ముఠా అంతా కింది మెట్లమీద కూర్చుని ఉంది, ఎవరి చేతిలోనూ పనిముట్టు లేదు. అచ్చెన్న ఒక్కడే సున్నం తొట్టి దగ్గర నిలబడి, కలపనక్కర్లేని సున్నాన్ని కలుపుతున్నాడు. సత్యప్రసాద్ కనబడలేదు.

జరిగింది సన్యాసమ్మ చెప్పింది. బోజీ తనిఖీకి వచ్చి తలెత్తి చూశాడు. ఆయన చూసింది దిష్టిబొమ్మని కాదు. ఆకుపచ్చ పేంటు తొడిగినవాణ్ణి, మెడకి ఉరితాడూ చెప్పుల దండా వేసి, ఆదివారం పెద్దమనిషి కూర్చునే చోటికి పైన వేలాడదీసినవాణ్ణి చూశాడు. గొడవల రోజుల్లో కుర్రాళ్ళు అలాంటి బొమ్మల్నే రోడ్ల మీద ఊరేగించి తగలబెట్టారు. ఆయన మొహం మాడిపోయింది. లాగెయ్యమన్నాడు. సత్యప్రసాద్ వేసిన ముడి ఊడి చావలేదు. సిపాయిలు కొక్కెం కర్ర వేసి గుంజితే బొమ్మతో పాటు దూలం పక్కన ఆరని సున్నం పెచ్చు ఊడి, నోరు తెరుచుకుని చూస్తున్న బోజీ కంట్లో పడింది. ఆ మంటలోనే ఆయన బొమ్మ పేంటు తిరగేస్తే నడుంపట్టీ లోపల కాలేజీ ముద్ర కనబడింది. ఎవడు కట్టాడన్నాడు. ఊ లా మౌంగ్ తల్లిమీద ఒట్టేసి తనకేమీ తెలియదన్నాడు. మిగతావాళ్ళు నేలచూపులు చూశారు. అప్పుడు సత్యప్రసాద్ తట్ట దింపి, నేనే కట్టానన్నాడు. చేసిందెవరంటే అదీ నేనేనన్నాడు. ఇది మా ఆచారమని చెప్పబోతే మూతిమీద కొట్టి తీసుకుపోయారు.

సూర్యావతి అన్న దగ్గరికి వెళ్ళింది. నువ్వేమన్నావని అడిగింది. అచ్చెన్న కలపడం ఆపలేదు.

“నోరు పెగల్లేదు సెల్లీ,” అన్నాడు. “నా కొడుకే. అయినా పెగల్లేదు.”

ఆమెకి అన్నమీద కోపం రావలసింది. రాలేదు. వచ్చిన కోపమంతా తనమీదే వచ్చింది. పెట్టె అడుగున ఉన్న పేంటుని తీసిన చెయ్యి తనది. వాడు తన నేరాన్ని నెత్తిన వేసుకుని వెళ్ళాడు. అన్నం గిన్నె అక్కడే దింపి సరాసరి హాస్టల్ గేటుకి నడిచింది.

సెంట్రీ చిన్నవాడే, మొహానికి చలవ కోసం తనకా చెక్క గంధం పూసుకుని ఉన్నాడు. బొమ్మ చేసింది నేనే, నన్ను లోపల వెయ్యండి, వాణ్ణి వదలండి అని సూర్యావతి తిన్నగా చెప్పింది. వాడు నవ్వాడు. కాలేజీ కుర్రాడు కట్టాడంటే పైవాళ్ళు నమ్ముతారు, సున్నం కలిపే ముసలి కలామ కట్టిందంటే ఎవరు నమ్ముతారని అడిగాడు. ఇండియా ఆడదాన్ని అక్కడ తక్కువచేసి పిలిచే మాట అది. వాడి మాటలో న్యాయం ఉంది, అదే దౌర్భాగ్యం. అక్కడ నేరం చెయ్యడానికి కూడా చదువుండాలి. రేపు సాయంత్రం లారీ ఇన్సేన్‌కి వెళుతుందని, ఆ తరవాత ఏడవాలనుకుంటే అక్కడి గేటు దగ్గర ఏడవమని చెప్పి, తుపాకీ మడమతో దారి చూపించాడు. ఇన్సేన్ అంటే రంగూన్‌లో జైలే. అక్కడికి లారీలో వెళ్ళిన కుర్రాళ్ళలో కాలినడకన తిరిగొచ్చినవాణ్ణి ఆమె ఇంకా చూడలేదు.

ఆ సాయంత్రం అన్నాచెల్లెళ్ళు దెబ్బలాడుకున్నారు. అచ్చెన్న భయం అచ్చెన్నది. తాత ఇక్కడే పుట్టాడు, తండ్రి ఇక్కడే పోయాడు, అయినా జేబులో ఉన్నది విదేశీయుల కార్డే. ఎక్కువ మాట్లాడితే ఆ కార్డు లాక్కుని అందరినీ ఓడెక్కిస్తారు. ఊ లా మౌంగ్ కాళ్ళు పట్టుకుందాం, ఆయన ఎవరికో చెబుతాడు, ఆయన ఇంకెవరికో చెబుతాడు అన్నాడు. ఆ ఇంకెవరో వినేలోపు లారీ వెళ్ళిపోతుందని సూర్యావతి అంది. ఓడెక్కిస్తే ఎక్కించనీ, ఎక్కేటప్పుడు పిల్లడు పక్కనుండాలంది. వదిన మూలకి తిరిగి కూర్చుంది. సూర్యావతి లేచి ఇంకో గడ్డికట్ట కోసం వెళ్ళింది.

*

శనివారం పొద్దున్నే సూర్యావతి హాస్టల్ గేటుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల కంచె పక్కన గోనె పరుచుకుని కూర్చుంది. పక్కన గడ్డి, కుండ, మసి, సున్నం, ఒక చొక్కా, పురికొస, తెగిన చెప్పులు. నిన్న మాటల్లో చెబితే నమ్మలేదు కదా, ఇవాళ చేతల్లో చూడండి అన్నట్టు బొమ్మ కట్టడం మొదలుపెట్టింది.

సెంట్రీ కేకలేశాడు. ఆమె తలెత్తలేదు. గడ్డిని దువ్వి, మొదళ్ళు ఒక పక్కకి సర్ది, మోకాలితో తొక్కిపట్టి తాడు బిగించింది. ఒక చెయ్యి కట్టింది. కొలత చూసుకుని విప్పి, మళ్ళీ కట్టింది. తొందర లేనిదానిలా చేసింది గానీ, చెవి గేటు లోపలి చప్పుళ్ళ మీదే ఉంది. బస్సు దిగినవాళ్ళు నిలబడి చూడసాగారు. టీకొట్టువాడు చూశాడు. ఒక సన్యాసి భిక్షపాత్రతో ఆగి, చూసి, వెళ్ళిపోయాడు. జనం గుమిగూడితే సెంట్రీకే చివాట్లు పడతాయి. వాడు దగ్గరికొచ్చి, పోకపోతే కాల్చేస్తానన్నాడు. కాల్చెయ్యి, ఈ కుండకి మీసాలు పెట్టేదాకా ఆగి కాల్చెయ్యి అంది ఆమె. వాడు వెనక్కి నడిచి, లోపలికి కబురు పంపాడు.

బోజీ బయటికొచ్చేసరికి కుండకి కళ్ళు దిద్దుతోంది. ఆయన ఎడమకంటి మీద చేతిరుమాలు అదిమిపట్టుకుని ఉన్నాడు. జనం రెండడుగులు వెనక్కి తగ్గారు. ఆయన చాలాసేపు బొమ్మవంక చూశాడు. మాటలు బర్మాలోనే జరిగాయి. అయితే సూర్యావతి బర్మా కూడా ఆమె తెలుగులాగే ఉంటుంది.

“ఎవరిది?” అన్నాడు బోజీ.

“ఎవురూ కారు బోజీ. గడ్డి.”

“నిన్నటి గడ్డికి పేంటెందుకు తొడిగావు?”

ఇదే ప్రశ్న వస్తుందని ఆమె దారంతా అనుకుంటూ వచ్చింది. జవాబు మాత్రం అనుకోలేదు. నోటికొచ్చింది చెప్పింది.

“నాలాటిదాన్ని సూసి ఎవుడేడుస్తాడు బోజీ? ఏడుపుగొట్టు కన్ను పెద్దోడిమీదే పడతాది. అందికే గడ్డికి పెద్దోడి ఏసం కట్టి పైన ఉంచుతాం. సూసినోడి కన్ను ఆడి మీద ఆగిపోతాది. కిందున్నోల్లం బతుకుతాం.”

చెప్పుల సంగతీ అడిగాడు. చెడ్డకన్నుకి చెప్పుదెబ్బే మందని చెప్పింది. మీ వాళ్ళు గండం పోవడానికి యదయా చేస్తారే, ఇదీ అలాంటిదే, మా తాతలు చేశారు, మేమూ చేస్తున్నాం అంది. యదయా అన్న మాట వినగానే బోజీ రెండో కన్ను చిన్నదైంది. మెట్లు పగలగొట్టించిన మనిషికి ఆ మాట ఒకరు విడమరిచి చెప్పనక్కర్లేదు. చేతిరుమాలు తీసి కన్ను ఒత్తుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

“మధ్యలో దించేస్తే ఏమవుతుంది?”

సూర్యావతి ఆ కంటివంక చూసింది. రెప్ప వాచి, తెల్లగుడ్డు ఎర్రబడి, ధారగా కారుతోంది. అలాంటి కళ్ళు ఆమె సున్నం పనిలో ఎన్నో చూసింది. దానికి దిష్టితో పనిలేదు, సున్నపు నలుసు చాలు. దిష్టిబొమ్మని మధ్యలో దించడం ఆమె పుట్టి ఎరగదు. ఎవరూ ఎప్పుడూ దించలేదు, కాబట్టి ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ‘సున్నం పడింది, నీళ్ళతో కడుక్కో బాబూ’ అన్నమాట నాలుక చివరికొచ్చింది. సరిగ్గా అప్పుడే లోపల హాస్టల్ పక్కనుంచి లారీని వెనక్కి తెచ్చి మెట్లకి ఆనించారు.

దిష్టి విషయంలో సూర్యావతి ఏనాడూ అబద్ధమాడలేదు. దేవుడి దగ్గర ఆడినట్టే అవుతుందని ఆమెకి భయం. ఆ భయాన్ని ఒక్క గుటకలో మింగేసింది.

“దించమన్నోడి కంటికెల్తాది,” అంది.

జనంలో ఎవరో గొణిగారు. సెంట్రీ తనకి తెలియకుండానే బోజీకి కాస్త ఎడంగా జరిగాడు.

దీనికి విరుగుడేమిటని బోజీ చివరికి అడిగాడు. సూర్యావతి ముందు కన్ను కడగాలంది. బకెట్టుడు మంచినీళ్ళు తెప్పించి, తల వంచి, రెప్ప విప్పదీసి, అడుగు కనబడేదాకా ముంతతో పొయ్యాలంది. ఆ ఒక్కటీ మాత్రం నిజం. పని ముగిశాక కళ్ళ డాక్టరుకి చూపించుకోమని కూడా చెప్పింది. కన్ను పోగొట్టడానికి ఆమె రాలేదు. తరవాత ఇంకో బొమ్మ అదే గేలరీకి కట్టాలంది. ఎవరో ఒకరు కడితే చెల్లదు, మొదట కట్టిన చెయ్యే కట్టాలి.

“నిన్న నువ్వే చేశానని మావాడితో అన్నావట,” అన్నాడు బోజీ.

“సేసింది నాను. కట్టింది ఆడు. ఆడే నీతో సెప్పినాడు కదా.”

కట్టించి మళ్ళీ లోపల వేస్తానన్నాడు. సూర్యావతి తాడు బిగిస్తూనే తల అడ్డంగా ఊపింది. ఒక అబద్ధం ఆడినదానికి రెండోది కష్టం కాలేదు. కట్టినవాడు పని అయ్యేదాకా ఆ బొమ్మ కింద తిరుగుతూ ఉండాలి, వాణ్ణి ఇన్సేన్‌లో పెడితే వాడి కట్టు కూడా ఇన్సేన్‌కే పోతుంది, నీ కన్ను నీ ఇష్టం అంది. తన గొంతు అంత స్థిమితంగా ఉన్నందుకు తనకే ఆశ్చర్యమేసింది.

“మరి పేంటు నీ దగ్గిరే ఉండిపోయింది,” అంది. “నాకాడ ఇంకోటి లేదు. ఎవురి కన్నుకి తగిలిందో ఆల్లదైతే మేలు.”

బోజీ లోపలికి వెళ్ళాడు. గేటు మూశారు. సూర్యావతి కుండకి మీసాలు దిద్దింది, అవి ఆరాయి. ఇంకేం చెయ్యాలో తెలియక మళ్ళీ దిద్దింది. లారీ ఇంజను వేసి ఆపారు. మళ్ళీ వేశారు. ఆమె తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుని, అబద్ధానికి పడే పాపమంతా తనకే రాయమని చెప్పుకుంది. అప్పుడు గేటు పక్కనున్న చిన్నతలుపు తెరుచుకుని ఆర్డర్లీ ఒకడు వచ్చాడు. వాడి చేతుల మీద ఇస్త్రీ మడత చెదరని ఆకుపచ్చ పేంటు ఉంది. మోకాళ్ళ దగ్గర కాస్త వెలిసింది, అంతే. వాడు దాన్ని రెండు చేతులతో ఆమెకి అందించాడు.

*

చెప్పులు మాత్రం కుదరవన్నాడు బోజీ. బొమ్మ ముందువైపు ఉండకూడదు, వెనక రైలు లైను వైపు, పైకప్పు చూరు లోపల కట్టాలి. సూర్యావతి దేనికీ ఎదురాడలేదు. గేలరీ వెనక చప్టా మీద కూర్చుని పేంటు కాళ్ళలో గడ్డి కూరసాగింది. గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా, మోచేతిదాకా చెయ్యి దూర్చి, సందు లేకుండా దట్టించి కూరింది. ఎండుగడ్డి గీరుకుని ముంజేతులు ఎర్రబడ్డాయి. ముఠావాళ్ళు తట్టలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ, చూడనట్టు చూస్తున్నారు.

సత్యప్రసాద్‌ని ఇద్దరు సిపాయిలు నడిపించుకొచ్చారు. కింది పెదవి చిట్లి, ఒక చెంప ఉబ్బి ఉంది. వాడు మొదట తండ్రిని చూశాడు. తరవాత అత్త ఒళ్ళోని పేంటుని చూశాడు. దాని మడతలూ జేబులూ చూసి, అదెవరిదో అర్థమై, కళ్ళు పెద్దవి చేశాడు.

“మాటాడకు,” అంది సూర్యావతి తెలుగులో. “ఎక్కి కట్టు. బొమ్మనీ కట్టు, నీ నోరూ కట్టు.”

వాడు బొమ్మని భుజానేసుకుని పరంజా ఎక్కాడు. నిన్నటి నుంచీ తిండి లేని మనిషి, సగం ఎక్కి వెదురుని వాటేసుకుని ఆగాడు. అచ్చెన్న పరిగెత్తుకొచ్చి అడుగు వెదురుని రెండు చేతులా పట్టుకున్నాడు. బోజీ కాస్త దూరంలో నిలబడ్డాడు. కన్ను కడిగించుకున్నట్టున్నాడు, చొక్కా ముందుభాగమంతా తడిసి ఒంటికి అతుక్కుంది, మంట తగ్గినట్టు మొహం కాస్త తేటపడింది. పైన తన పేంటు గాలికి ఒక పక్కకి తిరగడం ఆయన తలెత్తి చూశాడు. మళ్ళీ ఏదైనా రాలుతుందేమోనని చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ చూశాడు.

“మరి దీన్ని ఎప్పుడు దించాలి?” అని అడిగాడు.

ఇక అబద్ధాలు అవసరం లేకుండా పోయినందుకు సూర్యావతికి ప్రాణం హాయిగా అనిపించింది. ఇది ఆమెకి బాగా తెలిసిన విషయం. ఏ ఇంటికైనా ఒకటే పద్ధతి.

“ఇంటోల్లు అడుగెట్టిన రోజున,” అంది.

“రేపే కదా వస్తున్నారు పెద్దాయన.”

“పెద్దోరు సుట్టాలు బోజీ. వొస్తారు, కూకుంటారు, ఎల్లిపోతారు. ఈ ఇంటోల్లు సదువుకునే పిల్లలు. ఆల్లొచ్చి ఆ మెట్లమీద కూకున్న రోజున దించాల. ఈలోగా ఎవుడు దించినా ఆడి కన్నుకి నాను పూచీ కాదు.”

అన్నాక గానీ తానేమన్నదో ఆమెకి తెలియలేదు. తెలిశాక కూడా వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. సిపాయిలిద్దరూ కదలకుండా నిలబడ్డారు. సన్యాసమ్మ కుంచె తొట్టిలో ముంచి తీయడం మరిచిపోయింది. బోజీ ఆమెవంక చూడలేదు. ముఠావంక, మేస్త్రివంక తిరిగి, ఇది నిజంగా మీ ఆచారమేనా, ఈవిడ కల్పించి చెబుతోందా అని అడిగాడు.

శుక్రవారం కూడా ఆయన ఇదే గేలరీ దగ్గర అడిగాడు, అప్పుడు ఈ మేస్త్రి నోరు పెగల్లేదు. అచ్చెన్న వెదురు పట్టుకున్న చేతులవైపు చూసుకున్నాడు. ఆ వెదురు కొనన కొడుకున్నాడు. అడుగున పాదాల కింద తాత రుబ్బిన సున్నం ఉంది.

“నిజమే బోజీ,” అన్నాడు. గొంతు చిన్నదే, కానీ అందరికీ వినబడింది. “పిల్లలొచ్చేదాకా దించకూడదు.”

బోజీ తడి చేతిరుమాలు పిండుకుని జేబులో పెట్టుకున్నాడు. రేపటికల్లా ముందువైపు పూత ముగియాలని ఊ లా మౌంగ్‌తో చెప్పి, సిపాయిల్ని వెంటబెట్టుకుని హాస్టల్ వైపు నడిచాడు. సత్యప్రసాద్‌ని రమ్మని ఎవరూ అనలేదు.

అయిపోయింది, దిగరా అని అచ్చెన్న కిందనుంచి పిలిచాడు. ఇన్సేన్ రైలు ఒకటి కూత వేసుకుంటూ పక్కనుంచి పోతోంది, కిటికీల్లోంచి జనం తలలు పైకెత్తి చూస్తున్నారు. సత్యప్రసాద్ వెంటనే దిగలేదు. వేసిన ముడిని ఒకసారి లాగి చూసుకుని, దానిమీద ఇంకో ముడి వేశాడు.